పాత బోరు రికార్డుల్లోని నికెల్, క్రోమియం అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు?

అల్ట్రామాఫిక్ శిలల్లో (మెగ్నీషియం, ఇనుము ఎక్కువగా, సిలికా తక్కువగా ఉండే రాళ్లలో) క్రోమైట్ (క్రోమియం ఖనిజం), నికెల్ కోసం గతంలో బోర్లు వేసి జరిపిన అన్వేషణ రికార్డులను మళ్లీ పరిశీలిస్తున్నాం. సర్పెంటినైట్‌లో (అల్ట్రామాఫిక్ శిల నీటి ప్రభావంతో మారి ఏర్పడిన రాయిలో) నికెల్ 0.25 శాతం దగ్గరే నిలకడగా ఉంది, గంధకం మాత్రం దాదాపు లేదు. అంటే అది గంధకంతో కలిసిన సల్ఫైడ్ నికెల్ కాదు, ఆలివిన్ అనే మూల ఖనిజం నుంచి మిగిలి సిలికేట్ ఖనిజాల్లో ఇమిడిన నికెలే కావచ్చు. అదే అయితే మామూలు ఫ్లోటేషన్‌కు (నురగతో ఖనిజాన్ని వేరుచేసే పద్ధతికి) లొంగదు. నమూనాను నాలుగు ఆమ్లాల్లో కరిగించి కొలిచే పద్ధతి సల్ఫైడ్, సిలికేట్ నికెల్ రెండింటినీ కలిపే చూపిస్తుంది. అమ్మోనియం సిట్రేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సల్ఫైడ్ నికెల్‌ను విడిగా కొలిచినవారు దయచేసి చెప్పండి: అవారుయైట్ (సహజ నికెల్-ఇనుము మిశ్రలోహం) ఉంటే అదీ ఆ లెక్కలోకి వస్తుందా?

క్రోమియం సంగతి ఇంకా చిక్కు. క్రోమైట్ ఆమ్లాల్లో పూర్తిగా కరగదు, కాబట్టి పాత విలువలు తక్కువగా వచ్చి ఉంటాయి. దాచి ఉంచిన పొడి నమూనాలను సోడియం పెరాక్సైడ్ ఫ్యూజన్‌తో (ఆ రసాయనంతో కలిపి వేడికి కరిగించే పద్ధతితో) మళ్లీ పరీక్షించాలంటే బోరు మొత్తం చేయాలా, క్రోమైట్ పొరలూ వాటి అంచులూ చాలా?