మిరపకాయ మనది కాదంటే మా మామయ్య ఒప్పుకోవడం లేదు, ఏం చెప్పాలి?

ఆదివారం క్విజ్ (ప్రశ్న):
సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్‌లో క్విజ్ పెడుతున్నాం, ప్రశ్నలు తయారు చేసే పని నా నెత్తిన పడింది. "వీటిలో మన దేశంలో పుట్టని పంట ఏది?" అని రాసి మిరియాలు, నువ్వులు, చింతపండు, మిరపకాయ అని ఆప్షన్లు ఇచ్చాను. జవాబు మిరపకాయ. అది మా మామయ్యకి చూపించడమే నేను చేసిన తప్పు. ఆయనది గుంటూరు పక్క పల్లెటూరు, ముప్పై ఏళ్లు మిరప తోట వేసిన మనిషి. "మిర్చి యార్డులో టిక్కీలు (మిరపకాయల బస్తాలు) దించి దించి ఈ వయసుకొచ్చాను, నువ్వు నాకు మిరపకాయ సంగతి చెప్తావా" అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. "బయటి నుంచి వచ్చిందైతే పేరు కూడా బయటిదే ఉండాలిగా, మిరప అనేది మన మాట కాదూ?" అని అడిగారు. దీనికి మాత్రం నాకు సమాధానం తట్టలేదు. మాట మనదే, కాయ మనది కాదు, అదెలా?

మాటల మూట:
మామయ్య గారు మంచి ప్రశ్నే వేశారు, కానీ అది ఆయనకే ఎదురు తిరుగుతుంది. మిరప, మిరియం పక్కపక్కన పెట్టి ఒకసారి పైకి చదవండి. తమిళంలో మిరియం మిళగు, మిరపకాయ మిళగాయ్. కన్నడంలో మిరియం మెణసు, మిరపకాయ మెణసినకాయి. అంటే కొత్త కాయ నోట్లో పెట్టుకుని, మిరియంలా మండింది కాబట్టి మనవాళ్లు "మిరియపు కాయ" అనేశారు. మాట పాతది, సరుకు కొత్తది. కొలంబస్ కూడా ఇదే పని చేశాడు, మిరియాల కోసం బయల్దేరి 1492లో అమెరికా వైపు తేలి, అక్కడి కాయకి మిరియం పేరే తగిలించాడు. అందుకే ఇంగ్లీషులో ఇప్పటికీ రెండూ పెప్పరే. మిరప మొక్క పుట్టిల్లు మెక్సికో, దక్షిణ అమెరికా వైపు. వాస్కో డ గామా కాలికట్‌లో దిగింది 1498లో, పోర్చుగీసువాళ్లు గోవా పట్టుకున్నది 1510లో, ఆ తర్వాతే ఇది మన పొలాల్లోకి దిగింది. అంతకు ముందు కారం అంటే మిరియాలు, పిప్పళ్లు, అల్లం, ఆవాలు, అంతే.

చింతచెట్టు కింద:
మిరపకాయ సంగతి సరే గానీ మీ ప్రశ్నే తప్పండీ. చింతచెట్టు కూడా ఆఫ్రికాదే! కాకపోతే ఎంత పాతకాలంలో వచ్చిందంటే ఇక్కడి అడవుల్లో కలిసిపోయి, ఊరూరా రచ్చబండ పక్కన నిలబడింది. అరబ్బు వర్తకులు మన దగ్గర కొని "తమర్ హిందీ", అంటే హిందూ దేశపు ఖర్జూరం అన్నారు, అదే ఇంగ్లీషులో టామరిండ్ అయింది. 1753లో లిన్నేయస్ శాస్త్రీయ నామం పెడుతూ ఇంకో అడుగు ముందుకేసి "టామరిండస్ ఇండికా" అన్నాడు, అంటే ఒకే పేరులో ఇండియా రెండుసార్లు. క్విజ్‌లో ఈ ఆప్షన్ ఉంచితే ఎవరో ఒకరు లేచి నిలబడతారు, తీసేయండి. చింత బదులు వంకాయ పెట్టండి, అది ఇక్కడిదేనని ఎక్కువ మంది చెబుతారు.

సీమ సంగటి:
మాది అనంతపురం. మా జిల్లాని బతికించిన శనక్కాయ కూడా దక్షిణ అమెరికా నుంచే వచ్చింది. దానికి మనవాళ్లు వేరుశనగ అని పేరు పెట్టారు గానీ అది వేరుకి కాసే కాయ కాదు. పువ్వు పైన పూస్తుంది, తర్వాత ఊడలు మట్టిలోకి దిగుతాయి, కాయ ఆ ఊడ కొసన పట్టేది. ఇంతవరకూ బాధ లేదు. ఒకసారి ఎవరో రాగులు, జొన్నలు, సజ్జలు కూడా ఆఫ్రికావే అంటే మాత్రం రెండు రోజులు మనసు బాగాలేదు, సంగటి కూడా మాది కాదా అని 😀 జొన్న మన నేల మీదికి వచ్చి దాదాపు నాలుగు వేల ఏళ్లయింది కాబట్టి దాన్ని ఇప్పుడు పరాయిదనడం నాకైతే నచ్చదు. ఉలవలు, పెసలు మాత్రం మొదటి నుంచీ మనవే. బళ్లారి దగ్గర సంగనకల్లు తవ్వకాల్లో కొత్త రాతియుగం నాటి ఉలవ గింజలు మాడి బొగ్గైపోయి దొరికాయి.

గోదారి గట్టు:
మామయ్య గారికి పుస్తకాల సాక్ష్యం కుదరకపోతే తద్దినం వంట గురించి అడగండి. మా ఇంట్లో ఆ రోజు కూరల్లో మిరపకాయ పడదు, కారానికి మిరియాలే. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ గుమ్మం కూడా దాటవు. అరటికాయ, కంద, చేమదుంప, పెసరపప్పు, నువ్వులు. మా నాయనమ్మకి కొలంబస్ ఎవరో తెలీదు, "పెద్దలు తిననివి పెద్దలకి పెట్టకూడదు" అనేది, అంతే. ఇంకోటి, జీడిమామిడి. బ్రెజిల్ చెట్టు, పోర్చుగీసువాళ్లు తెచ్చారు. పిక్క మీది తొక్కలో రసం చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది, అచ్చం బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి లాగే. ఆకూ పండూ చూస్తే మామిడి గుర్తొచ్చింది. అలా జీడిమామిడి అని పేరు పెట్టేశారు. చిత్రం ఏమిటంటే వృక్షశాస్త్రం లెక్కలో కూడా జీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబం. పేరు పెట్టినవాడెవడో గానీ దణ్ణం పెట్టాలి.

ఆదివారం క్విజ్:
అందరికీ థ్యాంక్స్. చింతపండు తీసేసి వంకాయ పెట్టాను. మిరియం, మిరప మాట చెబితే మామయ్య కాసేపు మాట్లాడలేదు. తద్దినం అనగానే "అవును, మీ అత్తయ్య ఆ రోజు మిరియాలే దంచుతుంది" అని తనే అన్నారు. మళ్లీ వెంటనే "సరే, మనిషికి అంత మండే కాయని పిట్టలు పండినప్పుడల్లా పొడుచుకు తింటాయి, వాటికెందుకు మండదు? అది చెప్పమను మీ వాళ్లని" అన్నారు. ఇది ఎవరికైనా తెలుసా?

చింతచెట్టు కింద:
తెలుసు. కారానికి మూలం క్యాప్సైసిన్ అనే పదార్థం. మన నోటికి అది నిప్పు తగిలినట్టు అనిపిస్తుంది, పిట్టలకి ఆ స్పర్శే లేదు. ఎలకలూ మనలాంటి జంతువులూ గింజల్ని నమిలేస్తాయి, పిట్ట మాత్రం గింజని మింగి ఇంకో చోట రెట్టలో చెక్కు చెదరకుండా వేస్తుంది. మొక్కకి కావలసింది అదే. అంటే ఆ మంట మనల్ని దూరం పెట్టడానికి, మనం దాన్నే ఆవకాయలో గరిటెలకి గరిటెలు పోస్తున్నాం.

ఆదివారం క్విజ్:
చదివి వినిపించాను. క్విజ్‌లో ఈ ప్రశ్న తనే అడుగుతారట, మైక్ తనకే ఇవ్వాలట.