థ్రెడ్ సేఫ్ క్యూ మీద ఫర్ లూప్ ఇవ్వాలా వద్దా?

చిన్న_కంపైలర్:
అందరికీ నమస్తే. ఖాళీ టైంలో ఒక చిన్న లాంగ్వేజ్ రాస్తున్నానండి, లిస్టు, మ్యాపు, స్ట్రింగు దేని మీదైనా ఫర్ లూప్ ఒకేలా నడుస్తుంది, టైపు ఒక ఇటరేటర్ (ఒక్కో ఐటెం వరసగా అందించేది) ఇస్తే చాలు. ఇప్పుడు స్టాండర్డ్ లైబ్రరీలో థ్రెడ్ సేఫ్ క్యూ (ఒకేసారి చాలా థ్రెడ్లు వాడినా పాడవని వరస) పెడుతున్నా, పుష్ (వేయడం), పాప్ (తీయడం) రెండూ లాక్ తీసుకుంటాయి, అంటే అది వదిలేదాకా ఇంకో థ్రెడ్ క్యూని ముట్టుకోలేదు, అక్కడిదాకా బానే ఉంది. కానీ ఆ క్యూ మీద ఫర్ రాస్తే ఏం జరగాలో తేలట్లేదు. లూప్ అయ్యేదాకా లాక్ పట్టుకుని ఉండాలా? పట్టుకోకపోతే మధ్యలో ఇంకో థ్రెడ్ పాప్ చేసేస్తే ఎలా? క్యూ ఖాళీ అయిపోతే లూప్ ఆగిపోవాలా, కొత్త ఐటెం వచ్చేదాకా వెయిట్ చేయాలా? పైథాన్ క్యూ మాడ్యూల్లో అసలు ఇటరేషనే లేదు, గోలో ఛానెల్ మీద రేంజ్ హాయిగా నడుస్తుంది, జావాలో ఇటరేటర్ ఉంది కానీ అది ఏం గ్యారంటీ ఇస్తుందో డాక్యుమెంట్ చదివినా పూర్తిగా ఎక్కలేదు. ఏ దారి పట్టుకోమంటారు?

హీప్_డంప్:
లాక్ పట్టుకుని లూప్ తిప్పే ఆలోచన మాత్రం ముందే వదిలేయండి. లూప్ బాడీలో యూజర్ ఏం రాస్తాడో మీకు తెలీదు కదా, నెట్‌వర్క్ కాల్ పెడితే అది తిరిగొచ్చేదాకా ప్రొడ్యూసర్లు (క్యూలో ఐటెమ్స్ వేసే థ్రెడ్లు) అందరూ నిలబడిపోతారు, అదే క్యూలోకి పుష్ చేస్తే లాక్ రీఎంట్రంట్ (పట్టుకున్న థ్రెడ్డే మళ్లీ తీసుకోగలిగేది) కాకపోతే తన మీద తనే డెడ్‌లాక్, అంటే తన కోసం తనే ఎప్పటికీ ఆగిపోవడం, ఇంకో లాక్ తీసుకుంటే ఆర్డర్ తిరగబడి ఇద్దరు ఒకరికోసం ఒకరు ఆగిపోతారు. మన లాక్ పట్టుకుని ఉండగా పరాయి కోడ్‌ని పిలవకూడదు, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

జావా సంగతి చెప్తా. మామూలు ఎర్రేలిస్ట్ ఇటరేటర్ ఫెయిల్ ఫాస్ట్, మధ్యలో ఎవరైనా లిస్టు మారిస్తే ఎక్సెప్షన్ విసరడానికి ప్రయత్నిస్తుంది, అది కూడా కచ్చితంగా పట్టుకుంటుందన్న హామీ లేదు. కంకరెంట్ లింక్డ్ క్యూ అలా కాదు. 1996లో మైకేల్, స్కాట్ ఇచ్చిన లాక్ లేని క్యూ అల్గారిథం ఆధారంగా రాసింది అది, దాని ఇటరేటర్ వీక్లీ కన్సిస్టెంట్ (కొంతమేరకే హామీ ఇచ్చేది). ఎక్సెప్షన్ రాదు, ఉన్న ఐటెం రెండుసార్లు రాదు, కానీ లూప్ మొదలయ్యాక వచ్చిన ఐటెం కనపడొచ్చు, కనపడకపోవచ్చు. నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది, హ్యాజ్‌నెక్స్ట్ (ఇంకో ఐటెం ఉందా అని అడిగే కాల్) ఉందని చెప్పాక నెక్స్ట్ (ఆ ఐటెం ఇచ్చే కాల్) పిలిచే లోపు ఇంకో థ్రెడ్ ఆ ఐటెం తీసేసినా ఇటరేటర్ దాన్ని ముందే చేతిలో పట్టుకుని ఉంటుంది కాబట్టి ఇచ్చి తీరుతుంది, ఉందని మాటిచ్చి లేదనదు. అందుకే మీ ప్రోటోకాల్లో "ఉందా", "ఇవ్వు" అని రెండు కాల్స్ పెట్టకుండా ఒకే కాల్‌లో ఐటెం గానీ, అయిపోయిందని గానీ తిరిగిచ్చేలా చేస్తే ఈ గ్యాప్ మొత్తం పోతుంది.

రన్‌టైమ్_రాజు:
పై రిప్లై కరెక్టే కానీ అసలు చిక్కు ఇంకోచోట ఉందనుకుంటున్నా. క్యూ మీద ఫర్ అంటే రెండు అర్థాలు, ఒకటి ఊరికే లోపల ఏమున్నాయో చూడటం, రెండోది ఒక్కొక్కటి బయటికి తీసి పని చేయడం. లిస్టుకి ఈ తేడా రాదు, చూస్తే ఏం పోదు కదా. క్యూకి మాత్రం ఈ రెంటినీ ఒకే ఫర్ కింద పెడితే డీబగ్ కోసం ప్రింట్ చేద్దామని లూప్ వేసినవాడు ప్రొడక్షన్ క్యూ ఖాళీ చేసేస్తాడు.

డాట్‌నెట్ వాళ్లు దీన్ని చక్కగా విడదీశారు. బ్లాకింగ్ కలెక్షన్ మీద నేరుగా ఫర్‌ఈచ్ వేస్తే ఏదీ బయటికి పోదు, ఉన్నవి కనపడతాయంతే. తీసుకుంటూ పోవాలంటే గెట్ కన్స్యూమింగ్ ఎన్యూమరబుల్ అని పేరు పెట్టి అడగాలి, అది ఖాళీ అయినా ఆగదు, కంప్లీట్ యాడింగ్ (ఇక వేయడం అయిపోయిందని చెప్పే కాల్) పిలిచి, మిగిలినవి కూడా అయిపోయాకే ముగుస్తుంది. రస్ట్ ఛానెల్ రిసీవర్లో కూడా ఐటర్ అంటే సెండర్లు అందరూ పోయేదాకా వెయిట్ చేస్తుంది, ట్రై ఐటర్ అంటే ఇప్పుడు ఉన్నంతవరకు తీసి ఆగిపోతుంది. పేరు చూస్తేనే ఏం జరుగుతుందో తెలుస్తుంది. గోలో రేంజ్ ఇబ్బంది పెట్టకపోవడానికి కారణం ఛానెల్‌ని తీయకుండా చూసే దారే లేదు, కాబట్టి ఒకటే అర్థం.

ఇక ఖాళీ అయితే ఆపాలా అన్నారు కదా, ఆపకండి. ఖాళీగా ఉండటం ఈ క్షణం సంగతి, అయిపోవడం అనేది ప్రొడ్యూసర్ చెప్పాల్సిన మాట. ప్రొడ్యూసర్ కొంచెం లేటయితే కన్స్యూమర్ (ఐటెమ్స్ తీసుకునే థ్రెడ్) లూప్ దాటి వెళ్లిపోతాడు, తర్వాత వచ్చిన ఐటెమ్స్ ఎవరూ తీయక అలాగే పడి ఉంటాయి, పైగా ఈ బగ్ లోడ్ ఉన్నప్పుడు కనపడదు, ఖాళీ టైంలోనే వస్తుంది. కాబట్టి మీ క్యూకి క్లోజ్ (ఇక ఐటెమ్స్ రావని చెప్పే కాల్) ఉండాల్సిందే. పైథాన్ క్యూకి చాలా ఏళ్లు ఇది లేక అందరూ చివర్లో నన్ (None, ఏమీ లేదనే విలువ) లాంటి, అయిపోయిందని చెప్పే గుర్తు ఐటెం వేసేవాళ్లు, నలుగురు కన్స్యూమర్లు ఉంటే నాలుగు వేయాలి, ఒకటి తగ్గితే ఒక థ్రెడ్ ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉండిపోతుంది. పైథాన్ 3.13లో క్యూని మూసేసే షట్‌డౌన్ వచ్చాక ఆ బాధ తగ్గింది.

చిన్న_కంపైలర్:
చాలా థాంక్సండి ఇద్దరికీ, ఇప్పుడు క్లియర్‌గా ఉంది. అయితే నేరుగా ఫర్ ఇవ్వను, కంపైల్ ఎర్రర్ ఇచ్చి "స్నాప్‌షాట్ కావాలా, డ్రెయిన్ కావాలా" అని అడిగిస్తా, అంటే ఊరికే చూడాలా, తీసుకుంటూ పోవాలా అని. ఒక్క డౌట్, డ్రెయిన్ లూప్‌లో యూజర్ బ్రేక్ కొడితే? స్పీడ్ కోసం ఒక్కసారి లాక్ తీసుకుని 32 ఐటెమ్స్ ఇటరేటర్ లోపలికి తెచ్చి పెట్టుకుందాం అనుకున్నా.

హీప్_డంప్:
అలా తెస్తే బ్రేక్ కొట్టినప్పుడు మిగిలినవి ఇటరేటర్‌తో పాటే పోతాయి. వెనక్కి పెడదామంటే ఆ లోపు వేరే కన్స్యూమర్ తర్వాతవి తీసేసి ఉంటాడు, ఆర్డర్ చెడిపోతుంది. డ్రెయిన్ ఒక్కో అడుగుకి ఒక్క ఐటెమే తీయాలి. బ్యాచ్ కావాలన్నవాళ్లకి జావాలో డ్రెయిన్‌టూ ఉన్నట్టు లిస్టులోకి ఒకేసారి తీసిచ్చే ఫంక్షన్ విడిగా ఇవ్వండి, అప్పుడు ఆ లిస్టు బాధ్యత పిలిచినవాడిదని కోడ్‌లోనే కనపడుతుంది.

స్నాప్‌షాట్ మాత్రం లాక్ లోపల కాపీ చేసి, లాక్ వదిలేసి, ఆ కాపీ మీద తిప్పండి. క్యూ పెద్దదైతే కాపీ అయ్యేంతసేపు పుష్‌లు ఆగుతాయి, అందుకే క్యూకి కెపాసిటీ లిమిట్ పెట్టే ఆప్షన్ మొదటి వెర్షన్ నుంచే ఉంచండి, తర్వాత కలపాలంటే, నిండిన క్యూలో పుష్ ఆగాలో ఫెయిలవ్వాలో చెప్పాల్సి వస్తుంది కాబట్టి, పుష్ అర్థమే మారిపోతుంది.