టాయిలెట్ కింద చెక్క నాని మెత్తబడింది, ఎంతవరకు కోయాలి?

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి)

నమస్కారమండి. మాది 1974లో కట్టిన చెక్క ఇల్లు. పై అంతస్తు బాత్రూమ్‌లో టాయిలెట్ కొద్దిగా ఊగుతోందని ఏడాదిగా తెలిసినా, బోల్టులు బిగించి ఊరుకున్నాము. మొన్న కింది గది సీలింగ్ మీద పసుపు మరక కనిపించాక టాయిలెట్ ఎత్తి చూస్తే, వినైల్ షీటు కింద ప్లైవుడ్ నల్లబడి, స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగబడేంత మెత్తగా ఉంది. పైపు చుట్టూ సుమారు అడుగున్నర మేర ఇదే పరిస్థితి. అంతవరకే కోసి కొత్త ముక్క వేస్తే చాలునా? పైన టైల్స్ వేయించాలని కూడా అనుకుంటున్నాము.

జవాబు 1

ముందుగా ఆ వినైల్‌ను గీకకండి, చింపకండి. ఆ కాలపు షీట్లలోనూ వాటి జిగురులోనూ ఆస్‌బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార ఖనిజం) ఉండే అవకాశం ఉంది కనుక, చిన్న ముక్కను ల్యాబ్‌కు పంపి ఫలితం వచ్చాకే పని మొదలుపెట్టండి. ఈలోగా మురుగు వాయువు ఇంట్లోకి రాకుండా పైపు నోట్లో పాత తువ్వాలు కుక్కండి.

కోత విషయానికి వస్తే, గట్టి చెక్క తగిలేదాకా కోయాలి, ఆ అంచు జాయిస్ట్ (నేలను కింద నుంచి మోసే చెక్క దూలం) నడిమి దాకా వెళ్లాలి. జాయిస్టులు సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి ఉంటాయి. పైన నల్లబడి లోపల గట్టిగా ఉన్న జాయిస్టును ఆరబెడితే చాలు. స్క్రూడ్రైవర్ దిగితే మాత్రం అంతే లోతున్న కొత్త కలపను పక్కన జతచేసి బోల్టులు బిగించాలి.

జవాబు 2

జాయిస్ట్ నడిమి దాకా కోయడం చెప్పినంత సులువు కాదండి. దాని పక్క అంచు వెంబడే కోసి, ఆ పక్కకు టూ బై ఫోర్ కలప ముక్క బిగించి, కొత్త ప్లైవుడ్‌ను దాని మీద కూర్చోబెట్టడం నాకు తేలికైంది. ఫ్యాన్, డీహ్యూమిడిఫయర్ పెట్టి కొన్ని రోజులు బాగా ఆరనివ్వకుండా మూస్తే మళ్లీ కుళ్లుతుంది.

మీరు అడగని విషయం ఫ్లాంజ్ (మురుగు పైపు నోటి చుట్టూ ఉండి, టాయిలెట్‌ను బిగించే రింగు) ఎత్తు. సిమెంట్ బోర్డు, జిగురు, టైల్ కలిసి నేల అర అంగుళానికి పైగా లేస్తుంది, పాత ఫ్లాంజ్ లోతుకు పోతుంది. అది టైల్ మీద ఆని, కింది గట్టి చెక్కలోకి స్క్రూలతో బిగిసి ఉండాలి. కొందరు రెండు వ్యాక్స్ రింగులు (టాయిలెట్‌కూ ఫ్లాంజ్‌కూ మధ్య నీరు కారకుండా పెట్టే మైనపు రింగులు) ఒకదానిపై ఒకటి పెడతారు కానీ, నేనైతే ఎత్తు పెంచడానికి ఫ్లాంజ్ మీద స్పేసర్ రింగ్ వేస్తాను.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. ల్యాబ్ ఫలితంలో ఆస్‌బెస్టాస్ లేదని వచ్చింది. కోసి చూస్తే, ఒక జాయిస్టును ఎప్పుడో పైపు కోసం సగానికి పైగా గంటు పెట్టి వదిలేశారు.

జవాబు 1

అయితే ఊగడానికి అసలు కారణం అదే కావచ్చు. జాయిస్ట్ పొడవులో మధ్య మూడో వంతులో గంటు పెట్టకూడదని, మిగిలిన చోట్ల దాని లోతులో ఆరో వంతు దాటకూడదని భవన నిర్మాణ కోడ్ చెబుతుంది. ఆ గంటుకు రెండు వైపులా బాగా సాగేలా కొత్త కలప జతచేయించండి, కాంట్రాక్టర్‌కు చూపించకుండా మూయకండి.

టాయిలెట్‌ను నిటారుగా ఒకేసారి దించండి. ఒకసారి కూర్చున్నాక ఎత్తితే కొత్త వ్యాక్స్ రింగ్ వేయక తప్పదు. ఊగితే షిమ్ములు (సందులో దూర్చే పలుచని ముక్కలు) పెట్టి, బోల్టులను మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి, బలం చూపిస్తే పింగాణీ పగులుతుంది. సిలికాన్‌ను ముందు, పక్కల రాసి వెనక కొంత వదిలేస్తే రేపు కారినా నీరు కనబడుతుంది. కింది సీలింగ్‌ను మాత్రం ఇప్పుడే మూయకండి. వారం రోజులు వాడి, రోజూ టార్చితో చూసి, పొడిగా ఉంటేనే మూయించండి.