అప్‌డేట్: హెమటైట్ స్పెక్ట్రమ్‌లో 300 దగ్గరి బ్యాండ్ దొరికింది

అసలు ప్రశ్న ఇది: హెమటైట్ (ఇనుము ఆక్సైడ్ ఖనిజం) పొడిని పొటాషియం బ్రోమైడ్‌తో కలిపి నొక్కిన బిళ్లలో, పరారుణ స్పెక్ట్రమ్‌లో 540, 470 సెం.మీ⁻¹ (తరంగ సంఖ్య) దగ్గర శోషణ బ్యాండ్లు వస్తున్నాయి. అంగారకుడి మెరిడియానీ మైదానం మీద టీఈఎస్ పరికరం (కక్ష్య నుంచి ఉష్ణ ఉద్గారాన్ని కొలిచిన స్పెక్ట్రోమీటర్) చూసిన 300 బ్యాండ్ మాత్రం లేదు. పైగా 890, 795 దగ్గర రెండు అదనపు శిఖరాలు.

300 సంగతి తేలిక. పొటాషియం బ్రోమైడ్ 400కు కిందికి కాంతిని పోనివ్వదు. సీజియం అయొడైడ్‌తో బిళ్ల చేస్తే బ్యాండ్ స్పష్టంగా వచ్చింది: 200 మి.గ్రా.కు 1 మి.గ్రా. నమూనా, 13 మి.మీ. డై (బిళ్ల నొక్కే అచ్చు). స్పెక్ట్రోమీటర్‌లోని బీమ్ స్ప్లిటర్ (కాంతిపుంజాన్ని చీల్చే భాగం), డిటెక్టర్ కిటికీ కూడా ఆ పరిధికి సరిపోవాలి. సీజియం అయొడైడ్ తేమను లాగేస్తుంది కాబట్టి బాగా ఆరబెట్టాలి. పరికరంలో నమూనా ఉంచే అరను పొడి నైట్రోజన్‌తో నింపకపోతే నీటి ఆవిరి గీతలు స్పెక్ట్రమ్‌ను ముళ్లకంపలా చేస్తాయి.

890, 795 శిఖరాలు నమూనాలో కలిసిన గోథైట్‌వి (హైడ్రాక్సిల్ ఉన్న ఇనుము ఖనిజం), హైడ్రాక్సిల్ వంగుడు కంపనాలు. 3140 దగ్గర వెడల్పాటి బ్యాండ్ కూడా ఉంటే ఇక అనుమానమే లేదు. పొడిని 300 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేస్తే నీరు పోయి హెమటైట్ అయింది, ఆ శిఖరాలు మాయమయ్యాయి.

ముతకగా నూరితే బ్యాండ్ ఒక పక్కకు వాలుతుంది, దాన్ని కొత్త ఖనిజమనుకోవద్దు. 2 మైక్రాన్ల కిందికి నూరాలి.

ఒకటి గుర్తుంచుకోవాలి: మెరిడియానీ స్పెక్ట్రమ్‌లో 390 బ్యాండ్ దాదాపు లేదు. అలా లేకపోవడం స్ఫటికపు సీ-ముఖం (సీ-అక్షానికి లంబంగా ఉండే ముఖం) నుంచి వచ్చే ఉద్గారానికి గుర్తు. రేణువులు అన్ని దిక్కులా చెదిరి ఉన్న పొడి బిళ్లతో ఆ స్పెక్ట్రమ్‌ను నేరుగా పోల్చలేం.