మామిడి రకాల సైటుకు తేలికైన వికీ ఏది? (తెలుగు పేజీలు, షేర్డ్ హోస్టింగ్)

చిత్తూరు_తోట:
చిత్తూరు, బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి రకాల మీద సొంత సైటు పెడుతున్నా. రకానికొక పేజీ: పూత, కాపు, తెగుళ్లు, ఫోటోలు. నూటయాభై పేజీలు దాటవు. రాసేది ఇద్దరం, చదివేది ఎవరైనా. హోస్టింగ్‌లో పీహెచ్‌పీ ఉంది, షెల్ (కమాండ్లు టైపు చేసే వీలు) లేదు. ఇంతమాత్రానికి వికీపీడియా వాడే మీడియావికీ, దాని డేటాబేస్ బరువనిపిస్తోంది. డోకువికీ, పీఎంవికీ, టిడ్లీవికీల్లో ఏది మేలు?

పలమనేరు_పీహెచ్‌పీ:
డోకువికీ పెట్టుకోండన్నా. పేజీకో టెక్స్ట్ ఫైలు, అంతే. రేపు ఆ సాఫ్ట్‌వేర్ మూలపడినా మీ రాతలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి.

ఫైళ్లు వేలల్లో ఉంటాయి, ఎఫ్‌టీపీలో ఒక్కొక్కటిగా పంపితే ఒకటీ అరా మధ్యలో రాలిపోతాయి. జిప్ ఎక్కించి, సీప్యానెల్ (హోస్టింగ్ కంట్రోల్ పేజీ) ఫైల్ మేనేజర్‌లోనే విప్పండి. ఇన్‌స్టాలర్‌లో ‘పబ్లిక్ వికీ’ ఎంచుకోండి. చదవడం అందరికీ, రాయడం ఖాతా ఉన్నవాళ్లకే. దాని కిందే ఎవరికి వారు ఖాతా తెరుచుకునే టిక్ ఉంటుంది, అది తీసేయండి. వదిలేస్తే స్పామ్ ఖాతాలు వరుసకడతాయి. పని ముగిశాక ఇన్‌స్టాల్ ఫైలును చెరిపేయండి.

ఇంకొకటి మాత్రం తప్పకుండా చూడండి. బ్రౌజర్‌లో మీ సైటు అడ్రసు వెనక డేటా, పేజెస్, వికీ ఫోల్డర్ల దారి వేసి, డోకువికీ అనే టెక్స్ట్ ఫైలును తెరవండి. ‘403’ (అనుమతి లేదు) రావాలి. ఫైలు కనిపించిందంటే మీ డేటా అంతా బయటికి తెరిచి ఉన్నట్టే. సర్వర్ అపాచీ అయితే హెచ్‌టీయాక్సెస్ ఫైలు దాన్ని ఆపుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ ఆ ఫైలును పట్టించుకోదు, కాబట్టి సర్వర్ సెట్టింగుల్లోనే ఆపాలి.

తిరుచానూరు_వెబ్:
డోకువికీకే నా ఓటు కూడా. అయితే తెలుగు పేరుతో పేజీలు తెరిచే ముందు ఇది చదవండి.

మామూలు సెట్టింగులో పేజీ పేరును శాతం గుర్తుల రూపంలోకి మార్చి ఫైలు పేరుగా పెడుతుంది. యూటీఎఫ్-8 (కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతి)లో ఒక తెలుగు గుర్తుకు 3 బైట్లు, ఇలా మారిస్తే 9 అక్షరాలు. గుణింతం, పొల్లు, సున్న అన్నీ విడివిడి గుర్తులే. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ‘బేనీషా కాయలో టెంక పురుగు నివారణ’ తీసుకోండి: 27 గుర్తులు, అంటే 243. ఖాళీల చోట నాలుగు అండర్‌స్కోర్లు, చివర డాట్ టీఎక్స్‌టీ కలిపి 251. పేజీ సేవ్ అవుతుంది. కానీ పాత ప్రతులు దాచే యాటిక్ ఫోల్డర్‌లో పేరు వెనక పదంకెల టైమ్‌స్టాంప్, జీజెడ్ తోక చేరి 265 అవుతుంది, ఆ ఫైలు పడదు. పేజీ బాగానే కనిపిస్తుంది కాబట్టి చరిత్ర పోయిన సంగతి తేలిగ్గా కంటపడదు.

సెట్టింగుల్లో ఫైలు పేర్ల ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8 చేస్తే ఈ బాధ తగ్గుతుంది. చేసేదేదో మొదటి పేజీకి ముందే చేయాలి. తర్వాత మారిస్తే పాత తెలుగు పేజీలు దొరకవు. అంతకన్నా మంచి దారి: పేజీ పేరు చిన్నగా ఇంగ్లీష్ అక్షరాల్లో, లోపల మొదటి శీర్షిక తెలుగులో. ‘యూజ్ ఫస్ట్ హెడింగ్’ను ‘ఆల్వేస్’ చేస్తే లింకుల్లోనూ మెనూలోనూ తెలుగు శీర్షికే వస్తుంది. వాట్సాప్‌లో పంపినా లింకు మూరెడు పొడవు ఉండదు.

చంద్రగిరి_నోట్స్:
ఒక్కరే రాసేదుంటే టిడ్లీవికీకి సాటి లేదు. మొత్తం ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు. ఇద్దరంటున్నారు కాబట్టి వద్దనే చెబుతా. మామూలు హోస్టింగ్‌లో సేవ్ నొక్కితే ఫైలు డౌన్‌లోడ్ అవుతుంది, మళ్లీ ఎక్కించాలి. చివర ఎక్కించినవారి ఫైలు రెండోవారి మార్పులను చెరిపేస్తుంది. ఫోటోలు లోపలే పెడితే వాటిని అక్షరాలుగా మార్చే బేస్64 పద్ధతి వల్ల సైజు మూడో వంతు పెరుగుతుంది. 2 ఎంబీ ఫోటోలు నలభై పెడితే చదివేవాళ్ల ఫోన్ ఒకేసారి 100 ఎంబీ పైన దింపుకోవాలి.

పుత్తూరు_రాత:
పీఎంవికీని అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. మామిడి రకాలకు ఊరికో పేరు. బెంగళూరా, తోతాపురి, కలెక్టర్ మూడూ ఒకటే. ఏ పేరుతో వచ్చినా ఒకే పేజీకి చేరాలంటే దారి మళ్లింపు కావాలి. పీఎంవికీలో అది పుట్టుకతోనే ఉంది, డోకువికీకి ప్లగిన్ (అదనపు భాగం) వేసుకోవాలి. అయితే రెండు జాగ్రత్తలు. మొదటి రోజే కాన్ఫిగ్ ఫైలులో యూటీఎఫ్-8 స్క్రిప్టు కలిపారో లేదో చూసుకోండి, తర్వాత మార్చడం చాలా చాకిరీ. రెండోది, పాస్‌వర్డ్ పెట్టేదాకా ఎవరైనా దిద్దొచ్చు.

పలమనేరు_పీహెచ్‌పీ:
నిజమే. కానీ పేర్లు నాలుగైదే అయితే ఒక్కో పేరుకు ‘తోతాపురి చూడండి’ అని ఒక వరుస పేజీ చాలు, ప్లగిన్ వద్దు. హోస్టింగ్‌వాళ్లు పీహెచ్‌పీ వెర్షన్ పెంచిన రోజు ముందు విరిగేవి పాత ప్లగిన్లే.

చిత్తూరు_తోట:
ధన్యవాదాలన్నా, డోకువికీయే పెడతా. ట్రయల్‌లో ‘బేనీషా’ అని వెతికితే ‘బేనీషాకు’ ఉన్న పేజీ రావడంలేదు. ఎందుకు?

తిరుచానూరు_వెబ్:
వెతుకులాట పూర్తి మాటకే సరిపోల్చుతుంది, విభక్తి తగిలితే అది దానికి వేరే మాట. సెట్టింగుల్లో సెర్చ్ విభాగంలో ‘ఎగ్జాక్ట్’ తీసి ‘స్టార్ట్స్ విత్’ పెట్టండి, లేదా మాట చివర నక్షత్రం గుర్తు (*) వేయండి. రూపం మారే మాటలకు అదీ చాలదు. ‘చెట్టు*’ అంటే ‘చెట్లకు’ రాదు, ‘చెట్*’ అంటే రెండూ వస్తాయి. పండు, పళ్లు మాత్రం విడివిడిగా వెతకాల్సిందే. ‘పళ్లు’, ‘పళ్ళు’ల్లో ఏది రాయాలో మీరిద్దరూ ఇప్పుడే అనుకోండి.

పలమనేరు_పీహెచ్‌పీ:
బ్యాకప్‌కు కాన్ఫ్ ఫోల్డర్, డేటాలోని పేజెస్, యాటిక్, మెటా, మీడియా, మీడియా యాటిక్, మీడియా మెటా ఫోల్డర్లు చాలు. క్యాష్, ఇండెక్స్ మళ్లీ పుడతాయి. ప్లగిన్లు వేస్తే వాటి జాబితా రాసి పెట్టుకోండి. సిగ్నల్ లేని తోటలో చూసుకోవాలంటే డోకువికీ డౌన్‌లోడ్ పేజీలో విండోస్‌కు చిన్న అపాచీ కలిపిన ప్యాకేజీ ఉంటుంది. ఈ పేజీల, బొమ్మల ఫోల్డర్లు అందులో వేసుకుంటే పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. అక్కడ చదవడమే చేయండి. దిద్దితే ఆ మార్పు సైటుకు తనంతట చేరదు.