రాకెట్ మోటారు ఎక్కడా దొరకడం లేదు, ఏప్రిల్ దగ్గరపడుతోంది. ఏం చేయాలి?

ఆస్టిన్ అమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. బడిలో నలుగురు పిల్లలు కలిసి అమెరికన్ రాకెట్రీ ఛాలెంజ్‌లో చేరారు, అదే, రాకెట్‌లో పచ్చి గుడ్డు పెట్టి చెప్పిన ఎత్తుకి పంపి పగలకుండా దించే పోటీ. డిజైన్ సంగతి టీచర్ చూస్తున్నారు, మోటార్లు కొనే పని నేను తీసుకున్నాను. ఇవన్నీ నాకు కొత్త. పిల్లలు ఓపెన్‌రాకెట్ సాఫ్ట్‌వేర్‌లో చూసుకుని ఒక 24 మిల్లీమీటర్ల ఎఫ్ మోటారు ఎంచుకున్నారు. మూడు చోట్ల చూశాను, మూడు చోట్లా స్టాక్ లేదు. ఒకచోట బ్యాక్ ఆర్డర్ అని డబ్బు తీసుకున్నారు, ఐదు వారాలైంది, ఎప్పుడొస్తుందో చెప్పరు. ఇంకోచోట వేరే మోటారు ఉంది కానీ హాజ్‌మ్యాట్ (ప్రమాదకర వస్తువుల) షిప్పింగ్ ఛార్జీ చూస్తే మోటార్ల ధరకంటే ఎక్కువుంది. ఏప్రిల్ మొదట్లోగా క్వాలిఫయింగ్ ఫ్లైట్ల స్కోర్లు పంపాలి. ఆర్డర్ వచ్చేదాకా ఆగాలా, దొరికిన మోటారుకి తగ్గట్టు రాకెట్ మార్చుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

ప్లానో మెంటర్:

ఆగకండి అండీ. నేను మూడేళ్లుగా ఒక టీమ్‌కి మెంటర్‌గా ఉంటున్నాను, మొదటి ఏడు మేము కూడా అలాగే ఆగి దెబ్బతిన్నాం. జనవరిలో ఆర్డర్ పెట్టిన మోటార్లు మార్చి ఆఖరి వారంలో వచ్చాయి, ప్రాక్టీసు లేకుండా నేరుగా క్వాలిఫయింగ్‌కి వెళ్లాం, పిల్లలు ఏడ్చినంత పని చేశారు. అప్పటినుంచి మా దగ్గర ముందు దొరికే మోటారు చూసుకుంటాం, తర్వాతే రాకెట్ గీస్తాం. డిజైన్ ఎంత బాగున్నా చేతిలో మోటారు లేకపోతే ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది.

మోటారు మీద రాసే కోడ్ చదవడం ముందు నేర్చుకోండి, సగం భయం పోతుంది. ఎఫ్39-6 అని ఉందనుకోండి. ఎఫ్ అంటే మొత్తం ఇంపల్స్, అదే, నెట్టే బలాన్ని మండే సమయంతో గుణిస్తే వచ్చేది, 40 నుంచి 80 న్యూటన్ సెకన్ల మధ్య. ఒక్కో అక్షరం దాటితే హద్దు రెట్టింపు అవుతుంది, జి అంటే 160 దాకా. 39 అంటే సగటున 39 న్యూటన్ల తోపు, అంటే నెట్టే బలం (థ్రస్ట్). చివరి 6 అంటే మందు కాలడం అయిపోయాక ఆరు సెకన్లు ఆగి పారాచూట్‌ని బయటికి నెడుతుంది. మీ పోటీలో మొత్తం 80 న్యూటన్ సెకన్లు దాటకూడదు, రాకెట్ బరువు 650 గ్రాములు దాటకూడదు. ఏటా ఎత్తు, గాల్లో ఉండాల్సిన టైము మారుస్తారు కాబట్టి ఈ ఏడాది నిబంధనలు ఒకసారి మీరే చదవండి.

ఇప్పుడు లెక్క. 650 గ్రాములంటే బరువు సుమారు 6.4 న్యూటన్లు. రాకెట్ లాంచ్ రైల్ (నిలబెట్టి ఎగరేసే కడ్డీ) వదిలేటప్పుడు తిన్నగా పోవాలంటే తోపు బరువుకి ఐదింతలు ఉండాలని అందరం పాటించే లెక్క, అంటే 32 న్యూటన్లు. కాబట్టి సగటు 39 ఉన్నది నిశ్చింతగా లేపుతుంది. సగటు 22, 24 ఉన్నవాటికి నిండు బరువు పెట్టకండి, మొదటి అర సెకనులో ఎంత తోపు ఇస్తుందో థ్రస్ట్‌కర్వ్ సైట్‌లో గ్రాఫ్ చూసి నిర్ణయించుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. పిల్లలతో చెప్పి రాకెట్ అడుగున 29 మిల్లీమీటర్ల మోటారు గొట్టం పెట్టించండి, 24 నుంచి 29కి అడాప్టర్ ఒకటి కొనండి. 24 గొట్టం పెడితే 24 మోటార్లే పడతాయి. 29 పెడితే రెండూ పడతాయి. మోటార్లు చేసే ఎయిరోటెక్ వాళ్ల 24/40 కేసింగ్ (మళ్లీ మళ్లీ వాడే లోహపు గుల్ల, మొదటి అంకె దాని సైజు) ఒకటి, 29/40-120 కేసింగ్ ఒకటి చేతిలో ఉంటే, వాటిలో పెట్టే రీలోడ్లలో ఏది స్టాక్ ఉంటే అది కొనుక్కోవచ్చు. ఒకసారి వాడి పారేసే మోటార్లు కూడా ఆ 29 గొట్టంలోనే పడతాయి. మోటారు మారిస్తే ఎత్తు మారుతుంది, దాన్ని ముక్కు దగ్గర బరువు కలిపి, తీసి సరిచేసుకోవచ్చు. అందుకే రాకెట్‌ని 650 అంచుకి కట్టకుండా 40, 50 గ్రాములు ఖాళీ ఉంచుకోమనండి.

హాజ్‌మ్యాట్ ఛార్జీ ఒక్కో పెట్టెకి పడుతుంది, ఒక్కో మోటారుకి కాదు. ఒక్కరే తెప్పించుకుంటే గుండె గుభేలుమంటుంది. చుట్టుపక్కల టీమ్‌లు ఏమున్నాయో కనుక్కుని కలిపి ఆర్డర్ పెట్టండి. అంతకంటే మంచి దారి, మీ దగ్గర్లోని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ క్లబ్ లేదా ట్రిపోలీ క్లబ్ నెలనెలా జరిపే లాంచ్‌కి వెళ్లండి. అక్కడికి మోటార్లు అమ్మేవాళ్లు వ్యాన్‌లో వస్తారు. వారం ముందు మెసేజ్ పెడితే పక్కన పెట్టి ఉంచుతారు, షిప్పింగ్ ఖర్చే లేదు.

ఆస్టిన్ అమ్మ:

అబ్బ, చాలా థాంక్స్ అండీ. 29 గొట్టం సంగతి మా వాళ్లకి తట్టలేదు, ఇంకా అతికించలేదు కాబట్టి మార్చుకోవచ్చు. ఒక్క డౌట్. రీలోడ్ అంటే మందు మనమే నింపాలా? పిల్లలు చేయొచ్చా? ఇంకొకటి, ఇంతమంది పిల్లలు ఏటా ఇదే పోటీకి ఇవే మోటార్లు కొంటారని తయారీదారులకి తెలుసు కదా, మరి ఎందుకు ముందే చేసి పెట్టుకోరు?

ప్లానో మెంటర్:

మందు నింపడం కాదండీ. మందు గట్టి కడ్డీలా అచ్చు పోసి వస్తుంది, పొడి రూపంలో ఉండేది పారాచూట్‌ని నెట్టే ఆ చిటికెడు బ్లాక్ పౌడర్ ఒక్కటే, అంటే మన తుపాకి మందు. మేము వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి చేస్తాం. పొయ్యి ఆపేసి, ఫోన్లు పక్కన పెట్టి, ఒకరు కాగితంలో ఉన్న మెట్టు పైకి చదవాలి, ఇంకొకరు చేయాలి. ఓ-రింగులకి (మంట బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగులకి) గ్రీజు పలచగా రాయాలి, వేలి మీద మెరిసేంత చాలు. పోయినేడు మా అమ్మాయి డిలే ముక్క (పారాచూట్‌ని నెట్టే ముందు ఆ కొన్ని సెకన్లు ఆపేది) దగ్గర సన్న ఓ-రింగు పెట్టడం మర్చిపోయింది, పేపరు మీద అది ఒక్కటీ మిగిలి కనిపించబట్టి సరిపోయింది. లేకపోతే మంట ముందువైపు చొచ్చుకుపోయి, రాకెట్ ఇంకా పైకి పోతుండగానే పారాచూట్ బయటపడేది. అందుకే పేపరు మీద ఏమీ మిగలలేదని చూసుకున్నాకే మూత బిగిస్తాం. పక్కన పెద్దవాళ్లు ఉండి తీరాలి. కొనడం కూడా పెద్దవాళ్లే కొనాలి.

కొన్న వెంటనే ఒక పని చేయండి. ప్యాకెట్ మీద తయారీ తేదీ, లాట్ (ఒకేసారి చేసిన విడత) నంబరు చూసి ఒకే లాట్‌వి వేరు చేయండి. పాత లాట్ ప్రాక్టీసుకి, ఒకే లాట్‌లో ఎక్కువ ఉన్నవి క్వాలిఫయింగ్‌కి. మా టీమ్ ఒకే రోజు, ఒకే రాకెట్, ఒకే బరువుతో రెండు లాట్లు ఎగరేస్తే దాదాపు 30 అడుగుల తేడా వచ్చింది. మీ పోటీలో అడుగుకి ఒక పాయింటు పోతుంది, టైములో సెకనుకి నాలుగు. డిలే సంగతి సరేసరి. ఏడు సెకన్లని రాసి ఉంటే ఆరు ఉన్నా ఎనిమిది ఉన్నా అది ప్రమాణం లోపలే.

రెండో ప్రశ్నకి నాకంటే హ్యూస్టన్ అన్న బాగా చెప్తారు.

హ్యూస్టన్ లెవెల్ 2:

పిలిచావు కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను తమ్ముడూ.

అమ్మా, దుకాణాల్లో దొరికే ఎస్టెస్ చిన్న మోటార్లు, ఏ8, బి6, సి6, ఇవి బ్లాక్ పౌడర్‌వి. కొలరాడోలోని పెన్‌రోజ్‌లో యంత్రాల మీద వరుసగా చేస్తారు, కాబట్టి బొమ్మల షాపులో కూడా ఉంటాయి. మీక్కావలసిన ఎఫ్ మోటార్లు ఎక్కువగా కాంపోజిట్. అమ్మోనియం పెర్క్లోరేట్ అనే ఉప్పుని రబ్బరులాంటి జిగురులో కలిపి, గట్టిపరిచి చేస్తారు. ఇందులో చేతిపని చాలా ఎక్కువ. శ్రీహరికోటలో లేచే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో దాదాపు 138 టన్నులు ఉండేది కూడా ఇదే జాతి మందు, మీ అబ్బాయి మోటారులో ఇరవై గ్రాముల పైచిలుకు ఉంటుంది. ఈ మాట పిల్లలకి చెప్పండి, కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

చిక్కు ఆ ఉప్పు దగ్గరే మొదలవుతుంది. 1988 మే 4న నెవాడాలోని హెండర్సన్‌లో పెప్‌కాన్ ఫ్యాక్టరీ పేలిపోయింది, ఇద్దరు చనిపోయారు. అప్పట్లో అమెరికాలో దీన్ని చేసేవి రెండే కంపెనీలు. పేలినదాని పని యూటాలోని సీడర్ సిటీకి మారింది, రెండో కంపెనీ వ్యాపారాన్ని కూడా 1998లో వీళ్లే కొనేశారు. అప్పటినుంచి చాలా ఏళ్లు దేశం మొత్తానికి దాదాపు అదొక్కటే దిక్కు. క్షిపణులకీ అదే ఉప్పు కావాలి, 2022 తర్వాత అటు గిరాకీ బాగా పెరిగింది. ఆ వరుసలో అభిరుచి మోటార్లు చేసే చిన్న కంపెనీ ఎక్కడ నిలబడుతుంది, చివర్లోనే కదా. పైగా ప్రమాదాలు. 2001లో లాస్ వేగస్‌లో ఎయిరోటెక్ ఫ్యాక్టరీ తగలబడినప్పుడు అందరి దగ్గరా స్టాక్ ఖాళీ అయిపోయింది. అదే కాలంలో ఈ మందు పేలుడు పదార్థమా కాదా అని నేషనల్ అసోసియేషన్, ట్రిపోలీ రెండు సంఘాలూ కలిసి ప్రభుత్వ శాఖ మీద 2000లో కేసు వేసి, తొమ్మిదేళ్లు పోరాడి 2009లో గెలిచాయి. అది గెలవబట్టే ఇవాళ మీరు ఫెడరల్ పేలుడు పర్మిట్ లేకుండా ఈ రీలోడ్లు కొనగలుగుతున్నారు.

కాబట్టి తయారీదారులని తిట్టాలని నాకు లేదు. కానీ వాళ్లని అడగాల్సినవి అడగాలి. ఇరవై ఏళ్లుగా ఎగరేస్తున్నవాడిగా నాకు కొత్త రంగు మంట, కొత్త నిప్పురవ్వల మోటారు అక్కర్లేదు. కేటలాగ్‌లో వంద మోటార్లు చూపించి షెల్ఫ్ మీద పది ఉంచడంకంటే, 24లో మూడు, 29లో నాలుగు ఎంచుకుని అవి సంవత్సరం పొడుగునా ఎప్పుడడిగినా ఉండేలా చేయండి. వచ్చే మూడు నెలల్లో ఏ సైజు ఎప్పుడు పోస్తున్నారో ముందే చెప్పండి. ఆలస్యమైతే ఆలస్యమని చెప్పండి, మేం తట్టుకుంటాం. ఏమీ చెప్పకుండా ఉంచితేనే పిల్లల సీజన్ పోతుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈ పోటీ గిరాకీ ఏటా వచ్చేదే, సంక్రాంతి వస్తుందని ముందే బియ్యం పిండి పట్టించుకున్నట్టు సెప్టెంబరులోనే చేసి పెట్టుకోవాలి. ఎస్టెస్ వాళ్లు బడుల కోసం చిన్న మోటార్లు 24 కలిపి ఒకే ప్యాక్‌గా ఇస్తారు, ఎఫ్ తరగతిలో కూడా ఒకే లాట్‌వి పది కలిపి బడి ప్యాక్ ఇవ్వండి, లాట్ పరీక్షలో సగటు ఎంత వచ్చిందో దాని మీదే ముద్రించండి. ఇంకొకటి, పాత కేసింగులని అనాథల్ని చేయకండి. నా దగ్గర వందల డాలర్ల కేసింగులు రీలోడ్లు రాక అలమరాలో పడి ఉన్నాయి.

ఇవన్నీ నేను ఈమెయిల్ రాశాను, లాంచ్‌కి వచ్చిన డీలర్లకీ చెప్పాను. మీరూ రాయండి. ఎన్ని మోటార్లు, ఏ నెలకి, ఎంతమంది పిల్లలు అని అంకెలతో రాయండి. డీలర్ ఆర్డర్ పెట్టేది ఆ అంకెలు చూసే.

బే ఏరియా నాన్న:

ఒక చిన్న హెచ్చరిక. టెక్సస్‌లో ఉన్నవాళ్లకి కాదు, కాలిఫోర్నియావాళ్లకి. ఇక్కడ స్టేట్ ఫైర్ మార్షల్ ఆమోదించిన మోటార్లే వాడాలి, దేశమంతా సర్టిఫై అయినా సరే. ఆన్‌లైన్‌లో దొరికింది కదా అని కొనేయకుండా ఆ జాబితా చూసుకోండి.

ఇంకో సంగతి అందరికీ పనికొస్తుంది. ఫైనల్స్‌కి వర్జీనియా వెళ్లేటప్పుడు మోటార్లు విమానంలో తీసుకెళ్లకూడదు, చేతి సంచీలోనూ కుదరదు, చెక్-ఇన్ పెట్టెలోనూ కుదరదు. రాకెట్ తీసుకెళ్లొచ్చు. అక్కడి అమ్మకందారుకి ముందే ఆర్డర్ పెట్టి మైదానంలో తీసుకోవాలి. వాడిన కేసింగుని మసి లేకుండా సబ్బునీళ్లతో బాగా కడిగి పెట్టండి. వేసవి సెలవులకి ఇండియా వెళ్తూ తాతగారికి చూపిద్దామని మోటార్లు సూట్‌కేస్‌లో పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే అస్సలు వద్దు.

ఆస్టిన్ అమ్మ:

అందరికీ చేతులెత్తి దండం. ఈ నాలుగు రోజుల్లో జరిగింది చెప్తాను, నాలాంటివాళ్లకి పనికొస్తుంది. బ్యాక్ ఆర్డర్ రద్దు చేశాను, డబ్బు వెనక్కి వచ్చింది. క్లబ్ లాంచ్ వచ్చే శనివారం ఉంది, అమ్మే ఆయనకి మెసేజ్ పెడితే 24/40కి ఎఫ్39లు తొమ్మిది ఉన్నాయన్నారు, ఆరు ఒకే లాట్, మూడు వేరే లాట్. తొమ్మిదీ పక్కన పెట్టమన్నాను. 29/40-120 కేసింగ్ పక్క ఊరి టీమ్ వాళ్లు అరువిస్తామన్నారు. పిల్లలు 29 గొట్టం అతికించారు, అడాప్టర్ వచ్చింది, గుడ్డు బదులు ప్రస్తుతానికి అంతే బరువున్న ఇసుక సంచీ పెట్టి తూచితే 588 గ్రాములు తేలింది.

హ్యూస్టన్ అన్నా, ఈమెయిల్ మా టీమ్ పిల్లలతోనే రాయిస్తున్నాను. వచ్చే ఏడాది మా బడి నుంచి మూడు టీమ్‌లు, ఒక్కో టీమ్‌కి పదిహేను మోటార్లు, అక్టోబరుకల్లా కావాలి అని.

హ్యూస్టన్ లెవెల్ 2:

మంచి పని. ఆ మూడు వేరే లాట్‌వి ముందు ఎగరేయండి. పెట్టెని కారు డిక్కీలో ఎండకి వదిలేయకుండా ఇంట్లో చల్లగా, పొడిగా ఉన్నచోట పెట్టండి.