బీఎస్6 డీజిల్: డీపీఎఫ్ తీసేయించాలా, ఉంచుకోవాలా?

మియాపూర్‌వాసి:
నాది 2021 మోడల్ బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనలకు తగ్గ) డీజిల్ ఎస్‌యూవీ. ఇంటి నుంచి ఆఫీసుకు ఆరు కిలోమీటర్లు, అందులో సగం సమయం సిగ్నళ్ల దగ్గరే. ఈ మధ్య డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు పదేపదే వెలుగుతోంది. మొన్న పికప్ మొత్తం పడిపోయి బండి లింప్ మోడ్‌లోకి (ఇంజన్ తనను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేసుకోవడం) వెళ్లింది. సర్వీస్ సెంటర్‌లో డీపీఎఫ్ కొత్తది వేయాలన్నారు, లక్ష దాటుతుందట. బయట షెడ్డులోనేమో లోపలి జల్లెడ తీసేసి, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) రీమ్యాప్ చేసి, అంటే దాని ప్రోగ్రామ్ మార్చి, పనిలో పనిగా ఈజీఆర్ (కొంత పొగను మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు) కూడా మూసేస్తే మళ్లీ ఈ టెన్షనే ఉండదంటున్నారు. ఈ బండిని ఇంకో పదేళ్లు ఉంచుకోవాలని ఉంది. ఏం చేయమంటారు?

ఘాట్‌రోడ్డు:
తీసేయించండి. నేను రాజమండ్రి నుంచి మారేడుమిల్లి వైపు ట్యాక్సీ తిప్పుతాను. నా పాత బీఎస్3 బండికి డీపీఎఫ్ లేదు, సెన్సార్లూ అంతంతమాత్రమే. నాలుగు లక్షల కిలోమీటర్లు దాటినా ఇంజన్ విప్పలేదు. కొత్త బండితోనే తిప్పలన్నీ. వెనక పిల్లాజెల్లాతో కుటుంబం కూర్చుని ఉంటుంది, ఘాట్ ఎక్కుతుండగా బండి పవర్ తగ్గించేస్తుంది. అక్కడ సిగ్నల్ ఉండదు, స్కానర్ (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) ఉన్న షెడ్డు కావాలంటే మళ్లీ రాజమండ్రి రావాల్సిందే. ఆ రోజు కిరాయి పోతుంది, ఆ పార్టీ ఇంకోసారి పిలవదు. కిస్తీ మాత్రం ఆగదు కదా.

పంపుషెడ్డు:
డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు మా పని. ఘాట్‌రోడ్డు గారు చెప్పిన కష్టం నిజం, దాన్ని నేను కాదనను. కానీ బండి పదేళ్లు ఉండాలని అడిగినవారికి ఇచ్చే సలహా అది కాదు.

డీపీఎఫ్ దానంతటది చెడిపోయి మా దగ్గరికి వచ్చే బండ్లు తక్కువ. ఎక్కడో మసి ఎక్కువ తయారవుతుంది, అదంతా వచ్చి దీంట్లో చేరుతుంది. ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ కొట్టేది) కారుతుండొచ్చు. ఈజీఆర్ వాల్వు తెరుచుకున్నచోటే ఇరుక్కుపోయి ఉండొచ్చు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేది) సీలు దాటి ఆయిల్ పోతుండొచ్చు. అన్నిటికంటే మామూలుగా కనిపించేది ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పైపు చీలడం. పైపును చేత్తో వంచి క్లాంపు పక్కన చూడండి. దుమ్ము అంటుకున్న జిడ్డు గీత కనిపిస్తే గాలి అక్కడే బయటికి పోతోంది. ఇంజన్‌కు గాలి చాలదు, డీజిల్ పూర్తిగా కాలదు, మసి పెరుగుతుంది. ఆ పైపు మార్చకుండా డీపీఎఫ్ తీసేస్తే లైటు ఆరిపోతుంది, అంతే. ఇంజెక్టర్ అలా కారుతూనే ఉంటుంది, ఒకరోజు పిస్టన్‌కు చిల్లి పడుతుంది. లక్ష మిగిలిందనుకున్న బండి అప్పుడు ఇంజన్ పనికి వస్తుంది.

ఇంకో సంగతి. ఫిల్టర్‌లో చేరిన మసిని ఇంజన్ తనే కాల్చుకుంటుంది. దాన్నే రీజెనరేషన్ అంటారు. అందుకు లోపల దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి కోసం చాలా బండ్లలో ఇంజెక్టర్ ఆలస్యంగా మరికాస్త డీజిల్ కొడుతుంది. ఆరు కిలోమీటర్లు వెళ్లి మధ్యలో ఆపేస్తే ఆ పని సగంలో ఆగిపోతుంది, మర్నాడు మళ్లీ మొదలు. ఇలా ఆగినప్పుడల్లా సిలిండర్ గోడల మీది డీజిల్ కొంత కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది.

మియాపూర్‌వాసి గారూ, రేపు పొద్దున బండి స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉందా? వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా పలచగా ఉందా, డీజిల్ వాసన వస్తోందా? అలా ఉంటే ముందు ఆయిల్ మార్చండి, డీపీఎఫ్ సంగతి తర్వాత. ఆయిల్ తగ్గితే అందరూ కంగారుపడతారు, పెరిగితే మంచిదే అనుకుంటారు. పెరగడమే ప్రమాదం. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, అదీ పలచని ఆయిల్ పొర మీద. ఆ పొరలో డీజిల్ కలిస్తే బేరింగ్ ఎన్నాళ్లు నిలుస్తుంది?

తెల్లకారు:
అసలు రోజుకు ఆరు కిలోమీటర్లకు డీజిల్ ఎందుకండీ? అమ్మేసి పెట్రోలుదో, హైబ్రిడ్‌దో తీసుకోండి. తీసేయించడం, ఉంచడం రెండూ దండగే.

మియాపూర్‌వాసి:
నెలకోసారి సొంతూరు నిజామాబాద్ వెళ్తాం, అందుకే డీజిల్ తీసుకున్నాను. అమ్మే ఉద్దేశం లేదు. డిప్‌స్టిక్ చూశాను, పై గీత కంటే వేలి మందాన పైకే ఉంది, వాసన కూడా వస్తోంది. కంపెనీ 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి ఆయిల్ మార్చమంది. నేను 7,000 దగ్గరే ఉన్నాను.

పంపుషెడ్డు:
ఆ 10,000 మంచి రోడ్డు మీద నడిచే బండికి. మీ మాన్యువల్‌లోనే కఠిన వాడకం అని ఇంకో షెడ్యూల్ ఉంటుంది, చూడండి. దుమ్ము, ట్రాఫిక్, చిన్న చిన్న ప్రయాణాలు అన్నీ అందులోకే వస్తాయి. సిటీలో సగానికే మార్చడం డబ్బు దండగ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. టర్బో ధర ముందు ఒక ఆయిల్ డబ్బా ఏపాటి?

ఏ ఆయిల్ పోశారన్నది కూడా చూసుకోండి. డీపీఎఫ్ ఉన్న కార్లకు బూడిద తక్కువ వచ్చే ఆయిల్ కావాలి, డబ్బా మీద ఏసీఈఏ సీ3 లాంటి గుర్తు ఉంటుంది. మీ మాన్యువల్ ఏ గ్రేడ్ చెప్తే అదే. కొన్ని షెడ్లలో డ్రమ్ములోని లారీ ఆయిల్ పోసేస్తారు. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, ఫిల్టర్‌లో అలాగే ఉండిపోతుంది.

తెల్లకారు:
ఇంజన్ ఆపేముందు ఐడిల్‌లో ఉంచాలనేది కూడా చెప్తారేమో. ఇప్పటి చాలా టర్బోలకు కూలెంట్ వెళ్తుంది, ఆ పద్ధతి పాతబడింది.

పంపుషెడ్డు:
సిటీలో మెల్లగా వచ్చి పార్క్ చేసేవారికి అక్కర్లేదు, మీరన్నది సరే. హైవే మీద తొక్కుకుంటూ వచ్చి దాబా ముందు టక్కున ఆపేస్తే మాత్రం కూలెంట్ ఉన్నా ఒక నిమిషం ఆగమంటాను. ఇంజన్ ఆగితే ఆయిల్ పంపూ ఆగుతుంది. కాగిన టర్బోలో మిగిలిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. ఘాట్ ఎక్కి పైన ఆపేవాళ్లకూ ఇదే మాట.

ఘాట్‌రోడ్డు:
నిమిషం ఆపడం మేమూ చేస్తాం. కానీ నా పాత బండి అన్నేళ్లు ఎలా నడిచింది? దానికి జవాబు చెప్పలేదు మీరు.

పంపుషెడ్డు:
మీరు టైముకు ఆయిల్ మార్చారు, బండి రోజూ దూరం తిరిగింది, అందుకే నడిచింది. దాని ఈసీయూ లెక్కలే వేరు. ఈ బండి సెన్సార్లన్నీ డీపీఎఫ్ ఉందన్న నమ్మకంతో పనిచేస్తాయి, రీమ్యాప్‌తో వాటికి అబద్ధం చెప్పాలి. ఆ ఫైలు ఎవరు రాశారో, ఎంత డీజిల్ కొట్టిస్తోందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. పైగా మోటారు వాహనాల చట్టం ఇలాంటి మార్పులు ఒప్పుకోదు. 2019 సవరణలో యజమానికి ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని ఉంది.

ఇంకోటి కూడా చెప్పాలి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. మీ పాత బండి వదిలిన మసి మన వెనక బైకు మీద వచ్చేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. షెడ్డులో రోజంతా ఆ పొగ పీల్చేవాణ్ని, ఇది నాకు చిన్న విషయంగా అనిపించదు.

ఘాట్‌రోడ్డు:
కాదనను. కానీ ఏజెన్సీలో బండి ఆగితే ఎవరు వస్తారు? రోడ్డు పక్క షెడ్డులో కూడా రీజెన్ (రీజెనరేషన్) చేసే స్కానర్ వచ్చేదాకా నా మాట నాదే. ఇంటర్‌కూలర్ పైపు మాత్రం రేపే చూపిస్తాను.

పంపుషెడ్డు:
తప్పకుండా చూపించండి. వీలైతే ఒక చిన్న ఓబీడీ రీడర్ (బండి సెన్సార్ల లెక్కలు ఫోన్‌కు పంపేది) కొని బండిలో పెట్టుకోండి. మసి శాతం ఫోన్‌లో కనిపిస్తుంటే ఘాట్ ఎక్కకముందే తెలిసిపోతుంది.

మియాపూర్‌వాసి గారూ, లక్ష కట్టే ముందు ఇవి చూపించండి: ఇంటర్‌కూలర్ పైపులు, ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్ రిటర్న్ టెస్ట్ (ఇంజెక్టర్ నుంచి ఎంత డీజిల్ వెనక్కి పోతోందో చూసే పరీక్ష), డీపీఎఫ్ ప్రెషర్ సెన్సార్‌కు వెళ్లే రెండు సన్నని గొట్టాలు. ఆ గొట్టం పగిలినా, మూసుకుపోయినా ఫిల్టర్ ఎంత నిండిందో సెన్సార్‌కు సరిగ్గా తెలియదు. అవి సరిచేసి, కొత్త ఆయిల్ పోశాకే స్కానర్‌తో రీజెన్ చేయించండి. ఆయిల్‌లో డీజిల్ ఉండగా చేయించొద్దు. ఆ తర్వాత వారానికోసారి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి, ఒక గేరు తగ్గించి, ఇంజన్ 2,000 ఆర్‌పీఎం పైన ఉండేలా అరగంట నడపండి. ఐడిల్ ఎక్కువగా ఉండి, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంటే రీజెన్ నడుస్తోందని అర్థం, అప్పుడు ఆపకండి.

రీజెన్ అయ్యాక మసి శాతం, బూడిద అంచనా, ప్రెషర్ రీడింగ్ ఇక్కడ పెట్టండి. బూడిదే నిండి ఉంటే క్లీనింగ్ చేయించాలా, కొత్తది వేయాలా అన్నది అప్పుడు చూద్దాం.